నలువది దాటిన పిదప వ్యాపారపాలన విద్య: ఎందుకు? ఎవరి కొఱకు?

మేము తిరుగు గ్రామములయందలి సభ్యులు కొందఱు ఇటీవల మమ్ము ఒక ప్రశ్న వేయుచున్నారు. "అయ్యా, మీకు నలువది దాటినవి. పిల్లలు కళాశాలకు పోవలసిన కాలమున మీరు పుస్తకములు పట్టి ఎం.బి.ఏ. చదువ నారంభించితిరట! ఇది యెందులకు? ఉద్యోగము మాని పట్టణమునకు పోవుదురా యేమి?" అని. పెనుగంచిప్రోలులో అడిగినవారు నవ్వుచు అడిగిరి. అనిగండ్లపాడు, కొణకంచి వైపున అడిగినవారు కొంచెము అనుమానముతోనే అడిగిరి. రెండు విధములవారికిని సమాధానము చెప్పుట మా విధి.

ఇది మా స్వంత విషయము మాత్రమే యైనచో ఈ పత్రికలో స్థలము వాడుకొనుట తగదు. కాని సహకార సంఘముల కార్యదర్శులును, గుమాస్తాలును, చదువుకొన్న రైతు బిడ్డలును నడివయసున ఇట్టి విద్యవైపు చూచుచున్నారు. అందు కొందఱు సంఘమును సెలవు కోరుదురు. కొందఱు ఫీజులో సాయము కోరుదురు. ఆ సొమ్ము సభ్యుల సొమ్ము. కావున ఒకడు ఈ చదువునకు ఏల పోవుచున్నాడో, అతని చదువువలన సంఘమునకు ఏమి వచ్చునో సభ్యులు విచారించుట న్యాయమే.

మా పని ఎచ్చట ఆగుచున్నది?

పొలములలో ప్రదర్శన క్షేత్రములు వేయించి చూపుట మా వృత్తి. ఏ నేలకు ఏ విత్తనము తగును, సాళ్ల మధ్య ఎంత ఎడముండవలెను, ఏ పురుగునకు ఏ మందు ఎప్పుడు చల్లవలెను అను విషయములను గరికపాడు కృషి విజ్ఞాన కేంద్రమునుండియు, గుంటూరు చెంత నున్న లాం పరిశోధన క్షేత్రమునుండియు తెలిసికొని రైతుల గట్లమీద నిలిచి చెప్పుచుందుము. నందిగామ, జగ్గయ్యపేట ప్రాంతముల మెట్టలలో పత్తి, మిరప, మొక్కజొన్న, అపరాలు పండించు రైతు నేడు ఇట్టి విషయములలో వెనుకబడి లేడు. కొన్నిటిలో అతడే మాకు నేర్పగలడు.

అయినను కల్లములో నిలిచినప్పుడు రైతు వేరొక ప్రశ్న వేయును. "కాయ ఎండినది. ఇప్పుడే గుంటూరు యార్డుకు తోలుదునా? శీతల గిడ్డంగిలో పెట్టుదునా?" ఈ ప్రశ్నకు సస్యశాస్త్రములో జవాబు లేదు. ధర పెరుగునా, తరుగునా అని జోస్యము చెప్పుట మా పని కాదు. కాని ఎంత ధర వచ్చినచో నిలువ పెట్టుట గిట్టును, ఎంతకు లోపైనచో నష్టమగును అని లెక్క కట్టి చూపుట సాధ్యమే. ఆ లెక్కను క్రమముగా నేర్పు విద్యయే వ్యాపారపాలన విద్య. మేము దానికి చేరుటకు మొదటి కారణ మిదియే.

ఒక మిరప రైతు లెక్క

ఉదాహరణకు ఒక రైతునకు 10 క్వింటాళ్ల మిరపకాయ ఉన్నదనియు, కల్లమునాటి ధర క్వింటాలునకు 12,000 రూపాయలనియు అనుకొందము. అప్పుడే అమ్మినచో 1,20,000 రూపాయలు చేతికి వచ్చును. అతడు అమ్మక ఆరు మాసములు గిడ్డంగిలో పెట్టెను. ధర 13,000 రూపాయలైనది. క్వింటాలునకు వేయి రూపాయలు కలిసివచ్చినవని రైతు సంతోషించును. ఇరుగు పొరుగువారును అతని ఓర్పును మెచ్చుకొందురు.

ఇప్పుడు లెక్క చూతము. ఆ 1,20,000 రూపాయలు ఆరు మాసములు చేతికి రానందున అతడు తన బాకీ తీర్చలేదు. ఆ బాకీపై నూటికి ఏటికి 12 రూపాయల వడ్డీ యనుకొన్నచో ఆరు మాసములకు 7,200 రూపాయలు. గిడ్డంగి అద్దె, హమాలీ, లారీ కిరాయి కలిపి 4,800 రూపాయలు అనుకొందము. ఈ రెండును కలిసి 12,000 రూపాయలు. ఇవి కాక కాయ ఎండి నూటికి 4 వంతులు తూకము తగ్గినదనుకొన్నచో మిగిలిన సరకు 9 క్వింటాళ్ల 60 కిలోలు. దానిని 13,000 ధరకు అమ్మగా వచ్చినది 1,24,800. అందు 12,000 ఖర్చు పోగా మిగిలినది 1,12,800. అనగా ధర వేయి రూపాయలు పెరిగినను రైతునకు 7,200 రూపాయల నష్టము కలిగినది! ఇతనికి కనీసము 13,750 రూపాయల ధర వచ్చిననే కల్లములో అమ్మిన దానితో సమానము. అంతకు మించిన రూపాయి మాత్రమే లాభము.

ఈ అంకెలు దృష్టాంతమునకు చెప్పినవి. ఎవరి వడ్డీ, ఎవరి కిరాయి వారు వేసికొనవలెను. గమనింపవలసిన సంగతి యేమనగా, ఈ లెక్కకు కూడిక, తీసివేత, గుణకార, భాగహారములే చాలును. కావలసినది ఏయే ఖర్చులను లెక్కలోనికి తీసికొనవలెనను దృష్టి. తిరుపతమ్మవారి తిరునాళ్లకు వచ్చు గాజుల వర్తకుడు స్థలపు అద్దె, బండి కిరాయి, అమ్ముడుపోక మిగిలిన సరకు, పగిలిన గాజులు, అన్నియు తలలో వేసికొని బేరమాడును. అదే తిరునాళ్లలో ఆ గాజులు కొను రైతు తన పంటకు అట్టి లెక్క వేయడు. బుద్ధి తక్కువై కాదు. అది తన పని యని అతనికి ఎవరును చెప్పలేదు.

సంఘమునకు వచ్చిన చిక్కు

రైతు ఇంటి లెక్కకు పట్టము అక్కరలేదన్నచో, మరి పట్టము దేనికి? ఇట్లడుగుట సహజము. సంఘము లెక్క ఇంటి లెక్కకంటె చిక్కైనది. మరియొక దృష్టాంతము చెప్పెదము.

ఒక సంఘము 6,00,000 రూపాయలు పెట్టి నూర్పిడి యంత్రమును కొన్నదనుకొందము. ఏటికి అద్దె రూపమున 1,50,000 వచ్చినది. నూనె, మరమ్మతు, నడుపువాని జీతము కలిసి 90,000 అయినది. మిగిలిన 60,000 రూపాయలు లాభమని సభ్యులకు పంచిరి. అందఱును సంతోషించిరి. కాని ఆ యంత్రము 8 ఏండ్లు మాత్రమే పనిచేయును. ఏటికి 75,000 వంతున దాని విలువ అరిగిపోవుచున్నది. ఆ తరుగుదలను లెక్కలో వ్రాసినచో సంఘమునకు లాభము లేదు సరికదా, ఏటికి 15,000 నష్టము. ఎనిమిదవ యేట యంత్రము మూలబడినప్పుడు కొత్తది కొనుటకు నిధి యుండదు. సభ్యులు కార్యదర్శిని దొంగ యందురు. అతడు దొంగ కాడు. తరుగుదల అను పద్దు తెలియనివాడు మాత్రమే. అయినను ఒకసారి పోయిన నమ్మకము తిరిగి రాదు.

నేటి ప్రాథమిక వ్యవసాయ సహకార సంఘము అప్పులిచ్చి వసూలు చేయు సంఘముగా మాత్రమే యుండుటలేదు. ఎరువులమ్మకము, ధాన్యపు కొనుగోలు, గిడ్డంగులు, యంత్రముల అద్దె మొదలగు పనులు దానిమీద పడుచున్నవి. 2021లో కేంద్ర ప్రభుత్వమున సహకారమునకు ప్రత్యేక మంత్రిత్వశాఖ ఏర్పడెను. 2022 జూన్ మాసమున 2,516 కోట్ల రూపాయలతో 63,000 ప్రాథమిక సంఘముల లెక్కలను కంప్యూటరులోనికి ఎక్కించు పథకమునకు కేంద్ర మంత్రివర్గము అనుమతి నిచ్చెను. కంప్యూటరు కూడిక తప్పు చేయదు, నిజమే. కాని తరుగుదల వేయవలెనా, వాయిదా మీరిన బాకీలలో రానివెన్ని, రిజర్వు నిధిని ఎంతవఱకు ముట్టవచ్చును అని నిర్ణయించునది మనుష్యుడే. ఇట్టి నిర్ణయములు చేయువారికి చదువు తప్పనిసరి యగుచున్నది. ఇది మా రెండవ కారణము.

దాచకూడని కారణములు

పై రెండు కారణములు మాత్రమే చెప్పి ఊరకుండిన యెడల సభ్యులు మమ్ము పూర్తిగా నమ్మరు, నమ్మనక్కఱలేదు కూడ. నడివయసున చదువునకు పోవువాని మనస్సులో ఇతర కారణములును ఉండును. పట్టమున్నచో పదోన్నతికి దారి దొరకునను ఆశ గలదు. పిల్లల చదువులకు, పెండ్లిండ్లకు జీతము చాలదను భయము గలదు. మనకంటె పదునైదేండ్లు చిన్నవాడు వచ్చి సభలో కొత్త మాటలతో మాటలాడునప్పుడు మూలను కూర్చుండవలసి వచ్చు సంకోచము గలదు. బిడ్డలయెదుట 'మా నాయన ఇంకను చదువుచున్నాడు' అని అనిపించుకొను ముచ్చటయు గలదు.

ఇవి సిగ్గుపడవలసిన కోరికలు కావు. రైతు మంచి ఎడ్లను కొనుట పొలమునకే యైనను, నలుగురిలో తన జోడు మెచ్చుకొనబడవలెనను కోరికయు అతనికి ఉండును కదా! కాని ఆ కోరికయే ముఖ్యమై పొలము మరచినచో ఎడ్లు తిండికి బరువగును. చదువును అట్లే. స్వంత లాభమును గ్రామ ప్రయోజనమును ఒకే కాడికి కట్టి నడపగలిగిననే ఈ వయసున పడిన శ్రమకు అర్థముండును. మేము ఫీజును మా జీతములోనుండి చెల్లించుచున్నాము. తరగతులు దూరవిద్యా పద్ధతిని సాగుచున్నవి. పట్టము వచ్చిన పిదప ఈ పనిని వదలి పోవలెనను ఉద్దేశము మాకు లేదు.

మన ఉద్యమమే ఒక నడివయస్కుని చదువునుండి పుట్టినది

పెద్ద వయసున చదువా యని నవ్వువారు మన సహకార సంఘములెట్లు వచ్చినవో తెలిసికొనుట మంచిది. 1892లో కృష్ణా జిల్లా మద్రాసు రాజధానిలోనిదై యుండెను. రైతులు అధిక వడ్డీలక్రింద నలిగిపోవుచుండిరి. ఆ సంవత్సరమున మద్రాసు ప్రభుత్వము ఫ్రెడరిక్ నికల్సన్ అను అధికారిని ఐరోపా దేశములకు పంపి, అచ్చటి వ్యవసాయ బ్యాంకుల పద్ధతులను నేర్చి రమ్మనెను. 1846లో పుట్టిన నికల్సన్‌కు అప్పటికి నలువదియైదు దాటినవి. జిల్లా కలెక్టరుగా పేరు గడించినవాడు. ఆ వయసున అతడు పరదేశములకు విద్యార్థివలె పోయి, అప్పు ఎట్లు పుట్టును, పూచీ యెట్లు నిలుచును, పల్లె బ్యాంకు ఎట్లు మునుగును, ఎట్లు తేలును అను విషయములను శోధించెను. అతని నివేదిక రెండు సంపుటములుగా 1895లోను 1897లోను వెలువడెను. 1904లో వచ్చిన సహకార పరపతి సంఘముల చట్టమునకు ఆ కృషి బాట వేసెను. నికల్సన్ అంతటితో ఆగలేదు. తరువాత మత్స్యపరిశ్రమవైపు మరలి, జపాను దేశపు పద్ధతులను చూచివచ్చి 1907లో దానిపై గ్రంథము వెలువరించెను. అప్పటికి అతనికి అరువది దాటినవి.

నికల్సన్ జర్మనీలో చూచిన పద్ధతికి మూలపురుషుడు రైఫైజెన్. అతడు విశ్వవిద్యాలయపు మెట్టు ఎక్కినవాడు కాడు. పల్లెల పాలకుడుగా నుండి, 1846-47 కరవు కాలమున పేదలకు రొట్టె దొరకునట్లు సంఘమును కూర్చి, పిదప అప్పుల సంఘములకు దారి చూపినవాడు. పద్ధతికంటె దానిని నిజాయితితో నడపు మనుష్యుడు దొరకుట ముఖ్యమని నికల్సన్ తన శోధన సారముగా తేల్చెను. ఈ మాట నేటి పట్టభద్రులు మరువరాదు. పట్టము పద్ధతిని నేర్పును. మనుష్యుని చేయునది పట్టము కాదు.

డెన్మార్కు రైతులదియు ఇట్టి కథయే. 1844లో గ్రుండ్విగ్ అను మతాచార్యుని భావములననుసరించి రోడింగ్ గ్రామమున పెద్దవారైన రైతు యువకులకు మొదటి జానపద పాఠశాల తెరచిరి. వ్యవసాయపు పని తక్కువగా నుండు చలికాలమున వారు చదువుకొనిరి. అమెరికా గోధుమలు చౌకగా వచ్చిపడి ధాన్యపు ధరలు కూలినప్పుడు ఆ దేశపు రైతులు నిస్పృహ చెందక వెన్నవైపు మరలిరి. 1882లో యెడింగ్ గ్రామమున తొలి సహకార క్షీరశాల వెలసినది. చదువు ముందు వచ్చినది, సంఘము వెనుక వచ్చినది. మన ఆంధ్రదేశమునను ఆచార్య రంగాగారు ఆక్స్‌ఫర్డులో అర్థశాస్త్రము చదివి వచ్చి, నిడుబ్రోలులో రైతుల కొఱకు విద్యాలయమును నడపిరి.

ఈ విద్యకు నేడున్న దారులు

వాల్తేరులోని ఆంధ్ర విశ్వవిద్యాలయము 1957లోనే వ్యాపారపాలనలో ఎం.బి.ఏ. తరగతులను ప్రారంభించెను. 1961లో అహమ్మదాబాదు, కలకత్తా నగరములలో జాతీయ సంస్థలు వెలసినవి. ఇవి ముఖ్యముగా పరిశ్రమలకు ఉద్యోగులను తయారుచేసినవి. పాల సంఘములను నడపుటకు వేరు చదువు కావలెనని తలచి కురియన్‌గారు 1979లో ఆనంద్‌లో గ్రామీణ నిర్వహణ సంస్థను స్థాపించిరి. ఆ సంస్థ 2025లో పార్లమెంటు చట్టముచే త్రిభువన్ సహకార విశ్వవిద్యాలయమైనది. హైదరాబాదు రాజేంద్రనగరులో 1987లో స్థాపింపబడిన 'మేనేజ్' సంస్థ 1996 నుండి వ్యవసాయ వ్యాపార నిర్వహణలో స్నాతకోత్తర డిప్లొమా నేర్పుచున్నది.

ఉద్యోగము వదలలేనివారికి దూరవిద్య దారి చూపినది. 1982లో హైదరాబాదున స్థాపింపబడిన సార్వత్రిక విశ్వవిద్యాలయము దేశమున మొట్టమొదటిది. పిదప 1985లో ఇందిరాగాంధీ జాతీయ సార్వత్రిక విశ్వవిద్యాలయము వచ్చినది. దానికి విజయవాడలో ప్రాంతీయ కేంద్రము గలదు. ఎం.బి.ఏ.లో చేరుటకు ముందుగా ఏదైన ఒక పట్టము ఉండవలెను. పత్రికలలోని ప్రకటన చూచి ఫీజు కట్టరాదు. ఆ సంస్థకు దూరవిద్య నడపుటకు విశ్వవిద్యాలయముల నిధి సంఘపు అనుమతి గలదా లేదా యని మొదట విచారింపవలెను. అనుమతి లేని పట్టము పొల్లు గింజవంటిది. చూచుటకు గింజయే, విత్తిన మొలవదు.

చేరువారు తమ్ము తాము అడుగవలసినవి

గోపురము కట్టదలచినవాడు ముందు కూర్చుండి ఖర్చు లెక్క చూచుకొనవలెనను దృష్టాంతమును మేము చిన్ననాడు మిషను పాఠశాలలో వింటిమి. వ్యాపారపాలన విద్యకు అంతకంటె చక్కని మొదటి పాఠము లేదు. ఆ విద్యలో చేరుటకును అదే పాఠము వర్తించును.

మొదటిది: ఏ చిక్కును విప్పుటకు ఈ చదువు? దానిని ఒక్క వాక్యములో చెప్పలేనివాడు ఇంకొక ఏడు ఆగవలెను. 'అందఱు చదువుచున్నారు' అనునది కారణము కాదు.

రెండవది: ఖర్చెంత, అది యెన్నాళ్లకు తిరిగి వచ్చును? ఫీజు మాత్రమే ఖర్చు కాదు. పుస్తకములు, పరీక్షలకు ప్రయాణములు, జీతము లేని సెలవు, ఇంటివారికి ఇవ్వలేని సాయంకాలములు కూడ ఖర్చే. నలువది యేండ్లవానికి ఉద్యోగకాలము ఇంచుమించు ఇరువదేండ్లే మిగిలియుండును. పొలము తాకట్టు పెట్టి చదువుట మాత్రము మేము ఎవరికిని చెప్పము.

మూడవది: ఇంతకంటె చిన్న చదువుతో పని జరుగునా? లెక్కల పుస్తకము వ్రాయుటయే చిక్కైనచో కొన్ని వారముల శిక్షణ చాలును. డ్వాక్రా సంఘముల స్త్రీలు ఏ పట్టమును లేకయే పొదుపు, అప్పు, వడ్డీ పద్దులను నెల నెల సరిచూచుకొనుచున్నారు. వారిని చూచి పురుషుల సంఘములు కొంత నేర్వవలసియున్నది.

సంఘము అడుగవలసినది

కార్యదర్శి చదువునకు సంఘము సాయము చేయదలచినచో అది దానము కారాదు, ఒడంబడిక కావలెను. చదువు ముగిసిన పిదప కొన్ని యేండ్లు సంఘమున పనిచేయుదునని అతడు వ్రాసి యియ్యవలెను. చదువు సాగుచుండగనే నేర్చినదానిని నెలకొక సాయంకాలము సభ్యులకు తెలుగులో చెప్పవలెను. ఇంగ్లీషులో నేర్చినదానిని తెలుగులో చెప్పలేనిచో అతడు దానిని ఇంకను పూర్తిగా నేర్వలేదనుకొనవలెను.

సభ్యుల వంతు పని కూడ కొంత గలదు. తెలిసిన కార్యదర్శి వచ్చినంతనే తెలియని సభ్యులు కన్నులు మూసికొనుట ప్రమాదము. చదువు ఒక్కని చేతిలోనే యున్నచో అది సంఘమునకు తాళమగును. పదిమంది చేతిలో నున్నచో తాళపుచెవి యగును. కావున వచ్చు సర్వసభ్య సమావేశమున ప్రతి సభ్యుడును నాలుగు అంకెలు చదివి వినిపింపుమని అడుగవలెను: వాటాధన మెంత? వాయిదా మీరిన బాకీ యెంత? గిడ్డంగిలోని సరకు విలువ యెంత? యంత్రములకు, కట్టడములకు ఈ యేడు వేసిన తరుగుదల యెంత? ఈ నాలుగింటికి జవాబు చెప్పగల సంఘము నిలుచును. చెప్పలేని సంఘమునకు ఎన్ని పట్టములున్నను నిలుకడ లేదు.

మమ్ము అడిగిన సోదరులకు మా జవాబు ఇంతే. పంట పెంచుటలో మీకు తోడుగా నిలిచితిమి. పండిన పంటకు న్యాయమైన ఫలము మీ ఇంటికి చేరుటలోను తోడుగా నిలువవలెనని ఈ చదువునకు చేరితిమి. మిరప కల్లములనాటికి మీ మీ వడ్డీ, కిరాయి, తూకపు తరుగుల అంకెలను కాగితముపై వ్రాసి యుంచుడు. మేము వచ్చినప్పుడు ముందు మందుల మాట కాక ఆ లెక్కయే చూతము.